నేల మీద రెండు కళ్ళు

విమానం మూడోసారి కూడా వెంకటరావమ్మ మిరప చేలోనే పడింది.

పడే క్షణం దాకా అది కాలేజీ గ్రౌండు మీదికి వచ్చేసిందనే హయాత్ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇంజను తగ్గించాడు, ముక్కు కాస్త పైకెత్తి కిందికి దింపాడు. నేల ఉండాల్సిన చోట మిరప కొమ్మలున్నాయి. ఒక రెక్క వాటికి తగులుకుని విమానం గిరుక్కున తిరగబడింది. చప్పుడు ఆగిపోయింది. కాలిన ఆముదం వాసన మాత్రం గాలికి ఇటు కొట్టుకొచ్చింది.

అది మనుషులెక్కే విమానం కాదు. మనిషి రెండు చేతులూ బార చాపితే ఎంతుంటుందో అంత రెక్కలున్న థర్మకోల్ విమానం. ఆముదం కలిపిన నూనెతో తిరిగే చిన్న ఇంజను, పొట్ట కింద ఒక డిజిటల్ కెమెరా. నేల మీద నిలబడి రిమోట్‌తో నడపాలి. అద్దంకి నుంచి మేదరమెట్ల వెళ్ళే రోడ్డు పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే క్రిస్టీనా ఆ ఏడాది దాన్ని తలకెత్తుకుంది. మిరపకి ఆకులు ముడుచుకుపోయే బొబ్బర తెగులు సోకితే చేలో నడిచే రైతుకి తన చుట్టూ ఉన్న నాలుగు మొక్కలే కనపడతాయి. అదే పైనుంచి ఫోటో తీస్తే తెగులు ఏ మూల మొదలైందో, ఎటు పాకుతోందో ముందే తెలిసిపోతుందని ఆమె ఆలోచన. రెండు వేల ఏడులో ఆ మాట వినేవాళ్ళకి విడ్డూరంగానే ఉండేది. విమానం లేవడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఫోటోలు కూడా బాగానే వచ్చేవి. దించడమే కుదరడం లేదు.

"ఏమయ్యో! ఇంత ఊళ్ళో నా చేను తప్ప మీకింకో చోటు దొరకలేదా?" వెంకటరావమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని గట్టెక్కి వచ్చింది. భర్త పోయాక ఆ పొలం ఒక్కతే చేయించుకుంటున్న మనిషి. ఆమె మామూలుగా మాట్లాడినా రోడ్డు మీదికి వినపడుతుంది. "కాయ పండే టైములో కొమ్మలు విరగ్గొడితే మళ్ళీ అతికిస్తారా మీరు? పంతులమ్మా, నీకు చెప్తున్నా. ఇంకోసారి పడిందా, ఎత్తుకెళ్ళి పొయ్యిలో పెడతా."

"తప్పయిపోయిందండీ," అంది క్రిస్టీనా.

హయాత్ సాళ్ళ మధ్య ఒదిగి నడిచి విమానాన్ని ఎత్తుకొచ్చాడు. కెమెరా అద్దం పగిలిపోయింది.

హయాత్‌కి కుడి కన్ను లేదు. ఒకప్పుడు హైదరాబాదులో బొమ్మ విమానాలమ్మే షాపులో పనిచేసేవాడు. ఆదివారం వస్తే షాపు వాళ్ళతో పాటు మైదానానికి వెళ్ళి విమానాలు ఎగరేసేవాడు, తలకిందులుగా తిప్పి గడ్డి మీద ఈకలా దించేవాడు. పెళ్ళయ్యాక అద్దంకి తిరిగొచ్చి బస్టాండు దగ్గర రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఒకరోజు పాత టీవీ విప్పుతుంటే పిక్చర్ ట్యూబు పేలింది. గాజు ముక్క కంట్లో దిగింది. గుంటూరులో డాక్టర్లు ప్రాణానికి భయం లేదన్నారు గానీ కంటిని మాత్రం నిలబెట్టలేకపోయారు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు చెంబులో నీళ్ళు గ్లాసులో పోయబోతే బల్ల మీద పడేవి. మెట్టు ఉందనుకుని కాలేస్తే నేల తగిలేది. మెల్లమెల్లగా అలవాటయింది. సన్నగా అతికించాల్సిన పనులు మాత్రం భార్య నజ్మీన్ నేర్చుకుని తనే చేయడం మొదలుపెట్టింది. విమానాల మాట హయాత్ మళ్ళీ ఎత్తలేదు. క్రిస్టీనా ఎవరో చెప్పగా కొట్టుకి వెతుక్కుంటూ వచ్చి అడిగినప్పుడు మొదట కాదన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆమె విమానాన్ని కూడా తెచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాక కాదనడం అతని వల్ల కాలేదు.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిపించాడు. విరిగిన మొక్కలకి బదులుగా గ్రౌండులో ఒక మూల వెంకటరావమ్మని కాయలు ఆరబోసుకోమని చెప్పానన్నాడు. అది సర్దుబాటు అయిపోయింది. లేచి వెళ్ళబోతుంటే, "మేడమ్, రెండు కళ్ళూ సరిగా ఉన్నవాళ్ళెవరూ దొరకలేదా మీకు?" అన్నాడు. చెడ్డ మనిషేం కాదు. హయాత్ అప్పటికే గుమ్మం దాటేశాడనుకున్నాడు.

క్రిస్టీనా వరండాలో అతన్ని అందుకునేసరికి హయాత్ రిమోట్‌ని సంచీలో పెట్టి ఆమెకిచ్చేస్తున్నాడు.

"ఆయనన్నది నిజమే మేడమ్. దూరం తెలియడం లేదు నాకు. వచ్చేసింది అనుకుంటాను, రాదు. రాలేదనుకుంటాను, నెత్తి మీద నుంచి వెళ్ళిపోతుంది. ఒక్క కంటితో అయ్యే పని కాదిది. ఇంకెవరినన్నా చూసుకోండి."

ఊరడించే మాట ఏదో అంటుందని అతను ఎదురుచూశాడు. క్రిస్టీనా అలాంటిదేమీ అనలేదు. "ఒక కంటితో కాదని మీకెట్లా తెలుసు?" అంది.

"అంటే?"

"రెండు కళ్ళతో అవుతుందని ఎవరైనా చూశారా? రేపు పొద్దున ఒక గంట రండి. ఆ తర్వాత మీ ఇష్టం."

మర్నాడు వెళ్ళేసరికి ల్యాబ్ అటెండర్ జోసఫ్ పొడుగాటి వెదురు కర్రకి రెక్క విరిగిన విమానాన్ని కడుతున్నాడు. కాలేజీకి అవతల నడుమెత్తు పత్తి చేను ఉంది. జోసఫ్ అందులో దూరంగా వెళ్ళి కూచోవాలి, మనిషి కనపడకూడదు, కర్ర మాత్రం పైకెత్తాలి. ఆ చేలో ఒకచోట గుడ్డ కట్టిన గెడ పాతారు. విమానం ఆ గెడకి ఇవతలుందా, అవతలుందా? అంతే చెప్పాల్సింది. హయాత్ ఒకచోట, క్రిస్టీనా ఇంకోచోట నిలబడి ఒకరి మాట ఒకరికి వినపడకుండా పక్కనున్న కాలేజీ పిల్లలకి చెప్తే వాళ్ళు రాసుకుంటారు.

"చేలో పాములుంటాయేమో అమ్మా," అన్నాడు జోసఫ్.

"ఉంటే మీ కర్ర చూసి అవే పారిపోతాయి, వెళ్ళండి."

జోసఫ్ చేలో కూచుంటూ, లేస్తూ, కర్ర ఎత్తుతూ, దించుతూ ఉంటే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు దిగి చూశారు. ఎండెక్కే దాకా సాగింది ఆ తతంగం. ఆఖరున జోసఫ్ వచ్చి తను ఎప్పుడెక్కడ ఉన్నాడో చెప్పాడు. సరిపోల్చి చూస్తే హయాత్ సగానికి సగం తప్పు చెప్పాడు. క్రిస్టీనా కూడా అంతే. నిజానికి ఆమెవి ఒకటి రెండు ఎక్కువే తప్పాయి.

హయాత్ ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు.

"మీరు కావాలని తప్పు చెప్పలేదు కదా మేడమ్?"

"నా కళ్ళ మీద ఒట్టు," అంది క్రిస్టీనా నవ్వుతూ. తర్వాత మూడు వేళ్ళు ముక్కుకి అడ్డంగా పెట్టి చూపించింది. "ఈ కంటికీ ఆ కంటికీ మధ్య ఇంతే ఎడం. గ్లాసులో నీళ్ళు పోసుకోవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి ఈ ఎడం చాలు. రెండు కళ్ళూ ఒకే వస్తువుని కాస్త వేరువేరుగా చూస్తాయి, ఆ తేడాని బట్టే మనకి దూరం తెలుస్తుంది. అంత దూరాన ఉన్న విమానానికి ఆ తేడా ఇక ఏముంటుంది? అక్కడికి వెళ్ళేసరికి మీదీ ఒక కన్నే, నాదీ ఒక కన్నే."

నాలుగేళ్ళుగా హయాత్ తన నుంచి పోయిందనుకున్నది ఒకటుంది. అందులో కొంత అసలు పోనే లేదని ఆమె చెప్తోంది. ఆ మాట లోపలికి దిగడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. ఆపైన వేళాకోళంలోకి దిగాడు.

"అయితే ఇక మూరెడు ముఖం ఉన్నవాణ్ణి వెతుక్కోండి మేడమ్. ఒక కన్ను గ్రౌండుకి ఈ పక్క, ఒక కన్ను ఆ పక్క ఉన్నవాణ్ణి."

జోసఫ్ పకపకా నవ్వాడు. క్రిస్టీనా నవ్వలేదు. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, "మళ్ళీ అనండి," అంది.

అద్దంకిలో పెళ్ళి వీడియోలు తీసే అనిల్ కుమార్ హయాత్‌కి పాత స్నేహితుడు. అతని దగ్గర ఒకే రకం వీడియో కెమెరాలు రెండున్నాయి. మామూలుగా అయితే గంట సేపు కూడా చేతికివ్వడు. కానీ అది పుష్యమాసం, పెళ్ళిళ్ళ ఊసు లేదు.

"మాఘం రాగానే నా కెమెరాలు నాకు కావాలి. వాటి మీద విమానం పడిందా, నీ మీద నేను పడతా," అని స్టాండ్లతో సహా ఇచ్చాడు.

గ్రౌండు చివర ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి నిలబెట్టి, విమానం వచ్చే వైపుకి తిప్పారు. వాటి వైర్లు లాగి నీడలో బల్ల మీదున్న కంప్యూటర్‌కి కలిపారు. రెండు కెమెరాల్లోనూ విమానం ఎక్కడ కనపడుతోందో చూసి, ఆ తేడాని బట్టి అది ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్ లెక్కగట్టాలి. ఆ ప్రోగ్రాము క్రిస్టీనా రాసింది. అంత పొడుగు వైర్లలో బొమ్మ చెడకుండా వచ్చే ఉపాయం హయాత్ చూశాడు. అతుకులు వేయాల్సి వచ్చినప్పుడు వైరు చుట్ట ఇంటికి పట్టుకెళ్ళాడు.

నజ్మీన్ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే లోపల వైరు వంక, అతని వంక మార్చి మార్చి చూసింది.

"ఉన్నది ఒక్కటండీ. పొద్దంతా ఎండలో ఆకాశం వంక చూసి దాన్ని కూడా పాడుచేసుకుంటారా?"

"అందుకే కదా కెమెరాలు పెడుతున్నాం. ఇక చూడటం వాటి పని."

"ఆఁ, మరి మీరు చూడటం మానేస్తారా?"

ఆమె ఇంక పొడిగించకుండా అతుకు వేసింది, గట్టిగా లాగి చూసి మరీ ఇచ్చింది.

మొదటిరోజు కంప్యూటర్ చెప్పిన లెక్క విని అందరూ తెల్లబోయారు. విమానం గాల్లో చక్కర్లు కొడుతుంటే అది నేల మీద కదలకుండా కూచుందంటోంది. తీరా చూస్తే విషయం ఇది. ఆకాశంలో బాగా కనపడాలని విమానానికి ఎర్ర రంగు వేశారు. ఎర్రగా ఉన్నదాన్ని పట్టుకోమని ప్రోగ్రాములో రాశారు. ఎదర మూలన వెంకటరావమ్మ ఆరబోసిన మిరపకాయలు పట్టాల నిండా ధగధగలాడుతున్నాయి. కెమెరాలు రెండూ విమానాన్ని వదిలేసి వాటినే చూస్తున్నాయి.

సంగతి తెలిసి వెంకటరావమ్మ నడుము మీద చెయ్యేసుకుని నవ్వింది. "నా కాయ రంగు అట్టాంటిది మరి! గుంటూరు యార్డులో సేట్లే కళ్ళు తిప్పుకోలేరు, మీ కెమెరాలెంత?"

రంగుని నమ్ముకోవడం మానేసి విమానం ముక్కుకి మిణుకుమిణుకుమనే లైటు పెట్టారు. మిరపకాయలు మిణుకుమనవు కాబట్టి ఆ గొడవ తీరింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. కంప్యూటర్ లెక్క వేసి చెప్పేసరికి విమానం ఆ చోటు దాటి ముందుకొచ్చేస్తోంది. పాత కబురు నమ్ముకుని దించితే మళ్ళీ చేలోకే. వేగాన్ని బట్టి మరుక్షణం ఎక్కడుంటుందో కూడా లెక్కేసేలా క్రిస్టీనా ప్రోగ్రాము మార్చి రాసింది.

ఇక మిగిలింది ఆ లెక్కని హయాత్‌కి చెప్పడం. మొదట క్రిస్టీనాయే స్క్రీన్ చూస్తూ అరిచేది. "పైకి! ఎడమకి! ఎక్కువైంది, ఎక్కువైంది!" ఆమె అరుపు విని చెయ్యి కదిపేసరికి సమయం దాటిపోయేది. పైగా ఆమె కంగారు అతనికి అంటుకునేది.

"మాటలొద్దు మేడమ్," అన్నాడు హయాత్ ఒకరోజు. "రేడియోలో స్టేషను పట్టేటప్పుడు ఈల వస్తుంది చూడండి, ముల్లు దగ్గరికి వచ్చేకొద్దీ ఈల మారుతుంది. చెవి దానంతటదే వింటుంది, చెయ్యి దానంతటదే తిప్పుతుంది. అట్లా ఏదన్నా చేయగలరా?"

రెండు రోజుల్లో చేసిపెట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సన్నని ఈల ఒకటి వినపడుతుంది. విమానం ఉండాల్సిన దానికంటే పైకి పోతే ఈల కీచుగా అవుతుంది, కిందికి జారితే బొంగురుపోతుంది. ఎడమకి వెళ్ళిపోతే ఎడమ చెవిలో, కుడికి పోతే కుడి చెవిలో. సరైన దారిలో ఉన్నప్పుడు రెండు చెవుల్లోనూ ఒకటే తీరుగా, హాయిగా ఉంటుంది.

అయినా విమానం గ్రౌండు మీద సరిగ్గా దిగలేదు. ఒకసారి ముందే నేలకి తగిలి చక్రం ఊడింది. ఇంకోసారి గ్రౌండంతా దాటి అవతల ముళ్ళ కంచెలో ఆగింది. హయాత్ చెవిలో ఈల ఒకటి చెప్తుంటే కన్ను ఇంకొకటి చెప్పేది. ఆఖరి క్షణంలో అతను ఎప్పుడూ కన్ను మాటే వినేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినా, చిన్నప్పటి నుంచీ నమ్ముకున్నదాన్ని పక్కన పెట్టి వైర్లలో నుంచి వచ్చే చప్పుడుని నమ్మడం అంత తేలిక కాదు.

"మీరే తప్పు చేస్తున్నారు అనను గానీ, అది తప్పు చెప్పట్లేదు," అంది క్రిస్టీనా జాగ్రత్తగా.

"తెలుసు మేడమ్. నా చేతులకి ఇంకా తెలియలేదు."

మాఘం ఇంకో వారంలో వస్తుందనగా వెంకటరావమ్మే వచ్చి అడిగింది. పడమటి వైపు చేలో మొక్కలు అక్కడక్కడా ముడుచుకుంటున్నాయట. "పైనుంచి చూస్తే తెలుస్తుందంటిరి కదా. చూసి చెప్పండి. పీకేయాల్సినవి పీకేస్తే మిగతావన్నా దక్కుతాయి."

సాయంత్రం గాలి తగ్గాక ఎగరేశారు. పగిలినదాని బదులు విమానానికి పెట్టిన కెమెరా ఒక్కటే ఇక కాలేజీలో మిగిలింది. విమానం చేను మీద సాళ్ళ వెంబడి పోయి వచ్చింది, నూనె అయిపోవస్తోంది. హయాత్ దాన్ని తిప్పి గ్రౌండు వైపుకి తెచ్చే లోపల పడిపోయిందనుకున్న గాలి ఒక్కసారిగా లేచింది. అదే సమయానికి మూలన కూలీలు ఎండిన కాయల్ని పోగులు చేసి బస్తాల్లో తొక్కుతున్నారు. గాలి ఆ ధూళినంతా ఎత్తుకొచ్చి గ్రౌండు మీద గుమ్మరించింది.

కన్ను భగ్గుమంది. దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. నీళ్ళు కారి ఎదర ఉన్నదంతా ఎర్రగా అలుక్కుపోయింది. తుడుచుకుందామంటే రెండు చేతులూ రిమోట్ మీద ఉన్నాయి, వదిలితే విమానం పోతుంది. పక్కన క్రిస్టీనా కూడా ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. "హయాత్ గారూ, కనపడుతోందా?" అని అరిచింది.

"లేదు."

"పైకి తీసుకెళ్ళి తిప్పండి, కళ్ళు కడుక్కుని..."

"నూనె లేదు మేడమ్."

నాలుగేళ్ళ కిందట ఆస్పత్రిలో కట్టు కట్టుకుని పడుకున్న రోజులు అతనికి ఒక్క క్షణం గుర్తొచ్చాయి. రెండు కళ్ళకీ కట్టేవాళ్ళు, కదలకుండా ఉండాలని. అప్పుడు నజ్మీన్ మంచం పక్కన కూచుని గదిలో ఏముందో చెప్తుండేది. కిటికీ ఎటుందో, ఎవరొచ్చారో, ఎండ ఎంత దూరం వచ్చిందో. ఆ మాటల్ని అతను అనుమానించలేదు, అవే అప్పుడు అతని చూపు.

కన్ను గట్టిగా మూసుకున్నాడు. చెవుల్లో ఈల వినపడుతోంది.

ఎడమ చెవిలో ఎక్కువగా ఉంది. కాస్త కుడికి కదిపాడు. రెండు చెవుల్లోకీ వచ్చింది. గాలి తోస్తున్నట్టుంది, మళ్ళీ ఎడమకి జారింది, మళ్ళీ సర్దాడు. ఈల బొంగురుపోయింది, ఇంజను కొంచెం పెంచాడు. ముందైతే ఈపాటికి దిగిపోయిందనుకుని చెయ్యి దించేసేవాడు. ఇప్పుడు అనుకోవడానికి ఏమీ లేదు. ఈల మెల్లగా, మెల్లగా, ఎటూ జారకుండా సాగింది. ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గ్రౌండు మొరం మీద చక్రాలు గరగరలాడిన చప్పుడు వినపడింది. తర్వాత అదీ ఆగింది.

"దిగిందా?" అన్నాడు కన్ను తెరవకుండానే.

జోసఫ్ గ్రౌండు నడిమధ్య నుంచి అరిచాడు. "ఇస్త్రీ చొక్కా నలగనట్టు దిగింది సార్!"

వెంకటరావమ్మ బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "రుద్దబాకయ్యా, రుద్దబాక! కన్ను తెరిచి పెట్టు!" అంటూ అతని ముఖాన చన్నీళ్ళు దోసిళ్ళతో కొడుతూనే ఉంది. కూలీల్ని పనిలో పనిగా తిట్టింది, గాలిని తిట్టింది, తనని తాను కూడా ఒక మాట అనుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి కన్ను నిప్పులా ఉంది. నజ్మీన్ చూసి గుండె బాదుకున్నంత పని చేసింది. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. భయమేం లేదని ఆయన చుక్కల మందు రాసిచ్చాడు. కొట్టు దగ్గరికి వచ్చాక, "ఏం కనపడకపోతే ఎట్లా దించారు?" అంది. హయాత్ చెప్పాడు. నువ్వు అతికిన వైర్ల మీద నుంచే వచ్చింది ఆ ఈల, అన్నాడు. ఆమె, "రేపు నేను కూడా వస్తా. ఆ మిరపకాయల కల్లం అక్కడి నుంచి తీయిస్తా ముందు," అంది.

తీయించింది కూడా. వెంకటరావమ్మా ఆవిడా అరగంట కేకలేసుకుని, చివరికి ఇద్దరూ కలిసి గాలి అవతలి వైపున్న జాగా చూశారు. ఫోటోల్లో పడమటి చేలో రెండు మూలల్లో తెగులు కనపడింది. వెంకటరావమ్మ ఆ మొక్కలు పీకించింది. మాఘం రాగానే అనిల్ కుమార్ కెమెరాలు తీసుకెళ్ళిపోయాడు. ఈలోగా సంగతి తెలిసి వచ్చి చూసిన ప్రిన్సిపాల్ కాలేజీ తరఫున రెండు కెమెరాలు తెప్పించాడు. హయాత్‌ని వరండాలో ఆపి, "ఆరోజు నేనన్న మాట మీరు విన్నారట," అన్నాడు. "విన్నానండీ," అన్నాడు హయాత్. ఆయన చెయ్యి చాపాడు. హయాత్ పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఈలని నమ్మడం అతనికి సమస్య కాలేదు. రోజూ దించేవాడు. గాలిలో దించాడు, మంచులో దించాడు. దించిన ప్రతిసారీ అతని వేళ్ళు ఎప్పుడెంత కదిలాయో క్రిస్టీనా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంది. ఎందుకని అడిగితే కొన్నాళ్ళు చెప్పలేదు. చెప్పిన రోజు కాస్త సంకోచిస్తూ చెప్పింది.

"మీ రిమోట్ వెనక ఒక సాకెట్ ఉంది. నేర్చుకునేవాళ్ళ రిమోట్ తగిలించుకునేది."

"తెలుసు. గురువు స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం వాళ్ళ చేతిలో ఉంటుంది, వదిలేస్తే గురువు చేతికి వచ్చేస్తుంది."

"అక్కడ కంప్యూటర్‌ని తగిలిద్దాం అనుకుంటున్నా. ఈల మీకు వినిపించే బదులు అదే దించుతుంది."

హయాత్ రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిరిగి దొరికిన పని మళ్ళీ చేతుల్లోంచి జారిపోతుందేమోనన్న దిగులు అతని ముఖంలో కనపడే ఉండాలి.

"మీ చేతులు చూసే రాశాను," అంది క్రిస్టీనా. "గాలి కొట్టినప్పుడు మీరు ముందు కొంచెం ఊరుకుంటారు, తర్వాత సర్దుతారు. మొదట నేను రాసింది కంగారుపడి వెంటనే తిప్పేసేది, పడేసేది. ఇప్పుడిది మీలాగే ఆగుతుంది. మీరు లేకపోతే దానికి నేర్పేవాళ్ళు లేరు. ఇంకా చాలా నేర్పాలి."

"పిల్లకి సైకిల్ నేర్పినట్టేగా," అంది పక్కనే వైర్లు చుడుతున్న నజ్మీన్. "ఎప్పుడో ఒకప్పుడు వెనకాల పట్టుకున్న చెయ్యి వదలాలి కదా."

"ఇక్కడ వదిలితే నా చేతికొచ్చేస్తుంది. పట్టుకునే ఉండాలి," అన్నాడు హయాత్, నవ్వొచ్చి.

మార్చి నెలాఖరు పొద్దున. మిరప చేలల్లో ఆఖరి కోతలు సాగుతున్నాయి. హయాత్ విమానాన్ని లేపాడు, ఒక చుట్టు తిప్పాడు, గ్రౌండుకి ఎదురుగా తెచ్చి నిలిపాడు. చూపుడు వేలితో స్విచ్ నొక్కి పట్టుకున్నాడు. అప్పటి నుంచి విమానం కంప్యూటర్‌ది.

గాలికి ఎడమ రెక్క ఒరిగింది. హయాత్ స్విచ్ వదిలేస్తే ఒక్క క్షణంలో తన చేతికి వచ్చేస్తుంది. వదల్లేదు. విమానం ఒక క్షణం ఊరుకుంది, తర్వాత తనంతట తనే సర్దుకుంది. అచ్చం హయాత్ సర్దినట్టే. కంచె దాటింది, గట్టు దాటింది, ముక్కు కాస్త పైకెత్తింది.

హయాత్ అప్పటిదాకా కొన్ని వందలసార్లు విమానాలు దించి ఉంటాడు. దించుతున్నప్పుడు అతనికి ఎప్పుడూ ఎత్తూ దూరమూ చేతిలో రిమోట్ స్టిక్కులూ తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. ఇప్పుడు చేయడానికి ఏమీ లేదు. అందుకని చూశాడు. విమానం కిందికి వస్తుంటే దాని నీడ ఎక్కడి నుంచో గట్టెక్కి వచ్చింది. మొరం మీద గబగబా పరుగెత్తింది. చక్రాల కిందికి చేరి విమానంతో కలిసిపోయింది. సన్నటి దుమ్ము లేచి పక్కకి పోయింది. ఇంత బాగుంటుందని అతనికి తెలియదు.

పక్కన నజ్మీన్ చప్పట్లు కొడుతోంది. క్రిస్టీనా బల్ల దగ్గర తల పట్టుకుని కూచుని నవ్వుతోంది. హయాత్ వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.

గట్టు మీద కోత కూలీలతో నిలబడి చూస్తున్న వెంకటరావమ్మ అక్కడి నుంచే కేకేసింది. "ఏమయ్యో హయాతూ! ఎవరూ పట్టుకోకుండానే దిగింది కదా. అయితే ఇవాళే మా తమ్ముడు వాళ్ళ చేను మీద కూడా ఒకసారి తిప్పు. పొద్దున్నుంచీ ఫోన్లు చేసి చంపేస్తున్నాడు."

"ఏ వైపమ్మా?" అని అడుగుతూ అతను నూనె డబ్బా అందుకున్నాడు.